వెనక సీట్లో టీచరమ్మ

"మళ్లీ తన్నావు నా సీటుని," అన్నాడు మా ఆయన, అద్దంలోంచి నా వంక ఉరిమి చూస్తూ.

తన్నలేదు, బ్రేకు నొక్కాను. లేని బ్రేకుని. పదకొండేళ్లుగా డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతున్నదాన్ని నేను. మా స్కూలు కార్లలో నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు కంగారులో పోయి లారీ కింద దూరబోతే మనం ఇవతల నొక్కేస్తాం, బండి ఆగుతుంది. అద్దె కారు వెనక సీట్లో ఆ సదుపాయం ఎక్కడిది? అయినా ఎనిమిది రోజులుగా మలుపు వస్తే చాలు, నా కుడికాలు తన పని తాను చేసుకుపోతోంది. మా అమ్మాయి దానికి 'అమ్మ బ్రేకు' అని పేరు పెట్టింది. నన్నూ మా అత్తయ్యనీ వెనక కూర్చోబెట్టి, తండ్రీకూతుళ్లు ముందు సీట్లలో పడీ పడీ నవ్వారు. మొదటి రెండు రోజులు నేనూ నవ్వాను.

ఇవాళ ఆఖరి రోజు. సాయంత్రం నాలుగింటికల్లా కొండ కింది ఊళ్లో కారు అప్పగించేయాలి. ఉత్తరాన చూడాల్సినవన్నీ చూసేశాం అంటున్నారు వీళ్లు. దేవదారు అడవులు, నీలంగా మెరిసే సరస్సులు, ఎండాకాలంలో కూడా కరగని మంచు. అందంగా లేవని నేననను. కాకపోతే నేను వాటిని ఎక్కువగా వంటగది కిటికీల్లోంచి చూశాను. "హోటలు తిండి మా అమ్మకి పడదు" అని మా ఆయన ఏరి కోరి వంటగదులున్న బసలే తీసుకున్నాడు. రోజుకో వంటగది, రోజుకో పొయ్యి, ఒక్కోదాని మీట ఒక్కో వైపుకి తిరుగుతుంది. పొద్దున్నే వాళ్లు కెమెరా పట్టుకుని కొండ అంచుకి వెళ్తే, నేను గుడ్లు ఉడకబెట్టి, రొట్టెలు కాల్చి, ఫ్లాస్కులు నింపి, గిన్నెలు కడిగి, అత్తయ్య మందులు సర్దేసరికి ఎండ ఎక్కేది. తిరిగొచ్చి "నువ్వూ రావాల్సింది, ఎంత బావుందో!" అనేవాళ్లు. రావాల్సిందే, ఎవరు కాదన్నారు!

మొదటి రోజు కారు తీసుకునేటప్పుడు ఆఫీసులో ఒకాయన, "రెండో డ్రైవరు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. నేను లైసెన్సు తీసి బల్ల మీద పెట్టాను. మా ఆయన నవ్వేశాడు. "పేరుకి రాసుకోండి. ఊళ్లో సందుల్లో మెల్లగా తిప్పే మనిషి, కొండ మీద నడుపుతుందా ఏమన్నానా!" అని, అక్కడితో ఆగకుండా, "నేర్పిన గురువుని నేనే లెండి, ఆవిడ సంగతి నాకు తెలీదూ?" అన్నాడు. ఈ దారిలో కనిపించిన ప్రతివాడికీ ఆ కథ చెప్పాడు. పక్క బసలో ముసలి దంపతులకి చెప్పాడు, సరస్సులో పడవ నడిపేవాడికి చెప్పాడు.

అసలు కథ మా ఇద్దరికే తెలుసు. పెళ్లయిన కొత్తలో మార్కెట్ యార్డు వెనక ఖాళీ స్థలంలో, ఆదివారాలు, ఎవరూ లేవకముందే ఆయనకి కారు నేర్పింది నేను. నేను పెళ్లికి ముందే మా పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఆవిడ డెలివరీ వ్యాను నడిపేది. ఈయన పరీక్షలో మూడుసార్లు తప్పి నాలుగోసారి గట్టెక్కాడు. ఆ రోజు అత్తయ్య గుమ్మంలో నిలబడి, "ఎవరు నేర్పార్రా?" అంటే, "నేనే నేర్చుకున్నానమ్మా, దీనికి కూడా నేర్పేశాను" అన్నాడు. నా వంక ఒక చూపు చూశాడు. కొత్త కోడల్ని. తల్లి ముందు మొగుడి పరువు తియ్యడం ఎందుకు, ఒక్కసారికి పోనీలే అనుకుని, "అవునత్తయ్యా" అన్నాను. నా నోటితో నేనే అన్నాను! ఆ మాట అక్కడితో పోలేదు, ఇరవై ఏళ్లు పెరిగి పెద్దదైంది.

ఇన్నాళ్లూ భరించాను. కానీ మొన్న అమ్మాయికి పద్దెనిమిది నిండాయి. నిన్న రాత్రి అన్నాల దగ్గర, "ఊరెళ్లగానే నీకు కారు నేర్పిస్తాను, మీ అమ్మకి నేర్పిన చేతులివి" అన్నాడు వాళ్ల నాన్న. "అమ్మ స్కూల్లో చేరచ్చుగా?" అంది అది, ఏదో మాటవరసకి. "మీ అమ్మ భయమే నీకూ అంటుకుంటుంది" అన్నాడు. పిల్ల నమ్మేసింది. నాకు కడుపు మండింది. ఈయన చేత నేర్చుకుంటే అది ఏం నేర్చుకుంటుందో నాకు తెలుసు.

అదే ఇప్పుడు కళ్ల ముందు జరుగుతోంది. కనుమ దాటి దిగుడు మొదలైంది. బోర్డు మీద రాసే ఉంది, పద్దెనిమిది కిలోమీటర్లు దిగుడు, తక్కువ గేరు వాడండి అని. ఈయన నాలుగో గేరులో పెట్టి, బ్రేకు మీద మోపిన కాలు ఎత్తకుండా దిగుతున్నాడు. ఐదో కిలోమీటరుకి వాసన వచ్చింది. కాలిన కొబ్బరిపీచులాంటి వాసన.

"రెండో గేరుకి రండి. బ్రేకు మీద కాలు తియ్యండి," అన్నాను.

"వెనక కూర్చుని నడపకు."

"బ్రేకులు కాలుతున్నాయండీ!"

"అడవిలో ఎవరో ఏదో తగలెడుతున్నారు. అన్నిటికీ కంగారే నీకు."

అత్తయ్య నోటికి కవరు అడ్డం పెట్టుకునే, "వాడి ధ్యాస చెదరగొట్టకమ్మా" అంది. పాపం, మలుపు మలుపుకీ ఆవిడకి కడుపులో తిప్పుతూనే ఉంది, ఎనిమిది రోజులుగా.

తరవాతి మలుపులో ఈయన మోకాలు ఒక్కసారిగా ముందుకి పోయింది. ఏం జరిగిందో నాకు చెప్పక్కర్లేదు. నొక్కిన కొద్దీ పెడలు లోపలికి దిగిపోతోంది. "గేరు తగ్గించు! మూడు! రెండు! కుడి పక్క ఖాళీ ఉంది, అందులోకి ఎక్కించు!" అని అరిచాను. ఈసారి మాట్లాడకుండా విన్నాడు. బండి మూలిగి, కంకరలో జారి, రాతి పిట్టగోడకి బెత్తెడు దూరంలో ఆగింది.

దిగాం. ముందు చక్రాల్లోంచి సన్నగా పొగ. అమ్మాయి మొహం పాలిపోయింది. మా ఆయన గబగబా నీళ్ల సీసా తీశాడు చక్రం మీద పొయ్యడానికి. "పొయ్యకండి, వేడి మీద బ్రేకు డిస్కు పగులుతుంది" అని సీసా లాక్కున్నాను. చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టాను. ముప్పావుగంట అలాగే కూర్చున్నాం. ఎదురుగా లోయ, నది, తెల్లటి శిఖరాలు. ఈ ప్రయాణం మొత్తంలో పని లేకుండా నేను కూర్చుని చూసిన దృశ్యం అదొక్కటే, నిజంగా బావుంది.

"చెత్త బండి అంటగట్టారు వెధవలు," అన్నాడు చివరికి. "చల్లారింది కదా, పదండి."

"తాళం ఇటివ్వండి."

"ఏంటీ?"

"ఈ పిల్లనీ అత్తయ్యనీ ఎక్కించుకుని మీరు ఈ కొండ దిగడానికి వీల్లేదు. తాళం ఇవ్వండి, లేకపోతే మేం ముగ్గురం ఇక్కడే కూర్చుంటాం."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నిజానికి కొత్తదేం కాదు, స్కూల్లో రోజూ వాడేదే, ఇంటికి ఎప్పుడూ తీసుకురాలేదంతే. మొహం గంటు పెట్టుకుని తాళం నా చేతిలో పడేశాడు.

బ్రేకు రెండుసార్లు నొక్కి చూసుకుని, రెండో గేరులో వేసి దింపాను. ఇంజనే బండిని పట్టుకుంటుంది. మలుపుకి ముందు చిన్నగా ఒక్క నొక్కు, మళ్లీ కాలు తీసెయ్యడం. మూడో మలుపు దాటాక అత్తయ్య కవరు మడిచి సంచీలో పెట్టుకుంది. ఐదో మలుపు దాటాక గుర్రు వినిపించింది. అమ్మాయి నా కాళ్ల వంకే చూస్తోంది.

"అమ్మా, ఇలా దించాలని నీకు నాన్నే నేర్పాడా?"

వెనక సీట్లో ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఊపిరి బిగబట్టాడని తెలుస్తూనే ఉంది. చెప్పెయ్యచ్చు. అయినా, "ముందు రోడ్డు చూడు" అన్నాను. ఆయన హాయిగా వెనక్కి వాలాడు. నా మీద నాకే అసహ్యం వేసింది.

నాలుగుకి పది నిమిషాలుండగా కారు అప్పగించే ఆవరణలో ఆపాను. నీలం కోటు వేసుకున్న ఒకావిడ, నా వయసే ఉంటుంది, కాగితాలు పట్టుకుని వచ్చింది. ముందు చక్రం దగ్గర వంగి వాసన చూసింది. "బ్రేకులు బాగా కాలాయి. ఏమైంది?" అని అడిగింది.

"అదా, మా ఆవిడ లెండి," అన్నాడు మా ఆయన నవ్వుతూ. "కొండ దిగేటప్పుడు సరదా పడి నడిపింది. అలవాటు లేని మనిషి కదా, బ్రేకు మీదే కూర్చుంది. నేనెంత నేర్పినా అంతే."

ఆవిడ రాసుకోబోయింది. అమ్మాయి నోరు తెరిచి వాళ్ల నాన్నని చూస్తోంది. అత్తయ్య కారుకి ఆనుకుని నిలబడి ఉంది. ఇప్పుడు కూడా నేను నోరు మూసుకుంటే, రేపు నా కూతురు ఎవడి పక్కనో కూర్చుని ఇలాగే నోరు మూసుకుంటుంది. అంత స్పష్టంగా తెలిసిపోయింది నాకు.

"అది రాయకండి," అన్నాను. "బ్రేకులు కాల్చింది ఆయన. పొగలొచ్చి బండి ఆగాక కిందికి దింపింది నేను. పదకొండేళ్లుగా నా ఉద్యోగమే డ్రైవింగ్ నేర్పడం."

ఆవిడ కలం ఆపింది. మా ఆయన నవ్వు ఇంకా మొహం మీదే ఉంది గానీ చెవులు ఎర్రబడ్డాయి. నా మోచెయ్యి పట్టుకుని గొంతు తగ్గించి, "సర్లే, ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా వింటున్నాను ఆ మాట. ఇంటికెళ్లాక ఎప్పుడూ ఏమీ మాట్లాడుకోలేదు. వెళ్లగానే స్టవ్ ముట్టించేదాన్ని.

చెయ్యి విడిపించుకున్నాను. "ఇక్కడే మాట్లాడుకుందాం. మీ అమ్మాయి ఉంది, మీ అమ్మగారు ఉన్నారు. చెప్పండి, మీకు కారు నడపడం నేర్పింది ఎవరు?"

ఆయన అలవాటు కొద్దీ వాళ్లమ్మ వంక చూశాడు. అత్తయ్య కొంగు సర్దుకుని, కొడుకు మొహంలోకి సూటిగా చూస్తూ, "చెప్పరా" అంది.