వస్తానని చెప్పి వెళ్ళు

మా ఇంట్లో గడప దాటేవాళ్ళెవరూ "వెళ్తున్నా" అనకూడదు. "వెళ్ళొస్తా" అనాలి. పొరపాటున ఎవరైనా "పోతున్నా" అన్నారో, అమ్మ చేతిలో పని అక్కడే పారేసి, చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, మళ్ళీ సరిగ్గా అనిపించిగానీ వదిలేది కాదు. అమ్మ పోయాక ఆ ఉద్యోగం నాకొచ్చింది. నేను బట్టలు కుట్టే మనిషిని. కుట్టు వంకర పోతే విప్పి మళ్ళీ వేసేదాకా నాకు నిద్ర పట్టదు. మాటైనా అంతే.

అలాంటిది మూడు నెలలుగా మా తమ్ముడు "వెళ్తున్నా" అనే అంటున్నాడు.

వాడు అంబులెన్సు డ్రైవరు. సెలవు పెట్టి మా మేడ మీద గదిలోనే ఉంటున్నాడు. ఒకప్పుడు వాగుడుకాయ. వాడు మెట్లు దిగుతుంటే నా కుట్టుమిషను చప్పుడు కూడా వినపడేది కాదు. ఇప్పుడు నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. ఏం జరిగిందిరా అంటే "ఏం లేదక్కా" అంటాడు. తిట్టాను, బతిమాలాను, మళ్ళీ తిట్టాను. లాభం లేకపోయింది. కింద బట్టలు కత్తిరిస్తూ నేను వినేదంతా పైన వాడి అడుగుల చప్పుడే. అది కాసేపు ఆగితే నా చేతిలో కత్తెర కూడా ఆగిపోయేది. తుప్పు పట్టిందని అబద్ధం చెప్పి వాడి గది లోపలి గడియ పీకించేశాను. వాడు నా మొహం వంక చూసి ఊరుకున్నాడు.

డాక్టరమ్మ వాణ్ణి బయట కూర్చోబెట్టి నాతో విడిగా మాట్లాడింది. "చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగానమ్మా. అవుననలేదు, కాదనీ అనలేదు. మందులు మానకండి. ఎక్కువసేపు ఒంటరిగా వదలకండి. వారానికోసారి ప్రశాంతమైన అడవి ఏదైనా చూసుకుని అడవి స్నానం చేయించండి" అని ఒక కాగితం కూడా ఇచ్చింది. "అడవి స్నానం" అన్న మాట దగ్గరే నా చదువు ఆగిపోయింది. మిగతాది ఎవరు చదివారు?

ఆదివారం తువ్వాలు, సబ్బు, స్టీలు చెంబు, వాడికో జత బట్టలు సంచిలో సర్ది కారెక్కాను. వాడు సంచి తెరిచి చూశాడు.

"చెంబెందుకక్కా?"

"స్నానానికి చెంబెందుకంటావేంట్రా? దోసిలితో పోసుకుంటావా?"

"అడవి స్నానమంటే నీళ్ళతో కాదు. చెట్ల మధ్య ఊరికే ఉండటం."

"ఊరికే ఉండటానికి స్నానమని పేరెందుకు పెట్టారు మరి, మమ్మల్ని వెర్రివాళ్ళని చెయ్యడానికా?"

వాడి పెదవి ఒక పక్క కదిలింది. నవ్వని నేను ఒప్పుకోను గానీ, ఆ సంచి మాత్రం ఆ రోజు నుంచీ కారులోంచి తీయలేదు.

ప్రశాంతమైన అడవి దొరకడం ఇంత కష్టమని నాకేం తెలుసు? మొదటి వారం వెళ్ళిన చోట పాతికమంది పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి ఎగురుతున్నారు. చెట్లు కూడా చెవులు మూసుకుంటాయేమో అనిపించింది. రెండోవారం వెళ్ళినచోట అటు పక్క రాళ్ళ క్రషర్ ఉంది. స్నానం మాటేమోగానీ ఇద్దరం దుమ్ము కొట్టుకుని ఇంటికొచ్చాం. మూడోది, నేను యూనిఫాం కుట్టే ఒక అటవీ గార్డు చెప్పాడు. "మా గేటు దాటి అరగంట పైకి నడవండమ్మా, ఆకు రాలినా వినపడుతుంది. ఫోను సిగ్నలు కూడా ఉండదు" అన్నాడు, అదేదో గొప్ప వరంలాగా.

నిజంగానే ఆకు రాలినా వినపడింది. గేటు దగ్గర కారాపి, సంచి భుజాన వేసుకుని వాడి వెనక నడుస్తుంటే సాయంత్రం ఎండలోనే నాకు ఒళ్ళు జలదరించింది. క్రషర్ దగ్గరే నయం. అక్కడ మనుషులున్నారు.

ఒక బండ దగ్గర వాడు ఆగాడు. "నువ్విక్కడ కూర్చో అక్కా. నేనలా లోపలికి వెళ్తున్నా."

"వెళ్ళొస్తా అనరా."

"పావుగంట."

"పావుగంట సంగతి తర్వాత. ముందా మాట అను."

"కాసేపు నన్ను వదిలెయ్యక్కా" అన్నాడు. ఆ గొంతు నిండా అలసటే. వాడు చెట్ల వెనక్కి వెళ్ళిపోయాడు.

వదిలేశాను. డాక్టరమ్మ వద్దన్న పనే చేశాను. గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. పావుగంట అయింది. ఇరవై నిమిషాలయింది. "ఒరేయ్" అని పిలిచాను. పలకలేదు. గొంతు చించుకుని అరిచాను. ఒక పిట్ట లేచిపోయింది, అంతే. సంచి పట్టుకుని వాడు వెళ్ళిన వైపు నడిచాను.

ఒక చెట్టు మొదట్లో వాడి బూట్లు కనిపించాయి. పక్కపక్కనే, ముందు వైపులు సమంగా పెట్టి ఉన్నాయి. ఒకదాంట్లో ఫోను, ఇంకోదాంట్లో వాచీ.

ఉద్యోగంలో చేరిన కొత్తలో వాడే చెప్పాడొకసారి, "నీళ్ళ గట్టున జాగ్రత్తగా విడిచిన చెప్పులు కనిపిస్తే నాకు కాళ్ళు వణుకుతాయక్కా" అని. ఆ మాట ఇప్పుడెందుకు గుర్తు రావాలి? వాడి పేరు పెట్టి అరుస్తూ పరుగెత్తాను. ముళ్ళు గీరుకున్నాయి, చీర చిరిగింది. ఎటు పోతున్నానో తెలియలేదు. వాణ్ణి తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. "ఇంకెప్పుడూ తిట్టనురా, కనపడు చాలు" అని పైకే అన్నాను. అంటుండగానే కాలి కింద నేల లేకుండా పోయింది.

ఎండిన వాగులోకి జారి పడ్డాను. రెండు నిలువుల లోతు ఉంటుంది. ఎడమ మడమ దగ్గర ఏదో పుటుక్కుమంది. లేవబోతే కళ్ళు బైర్లు కమ్మాయి. నొప్పి కంటే భయమే ఎక్కువగా ఉంది. వాడు ఎక్కడో ఏమైపోతున్నాడో, నేనిక్కడ కదల్లేకుండా పడున్నాను. "అమ్మా!" అని ఏడ్చాను, చిన్నపిల్లలా.

"అమ్మా, కదలకండి. తల కదపకండి. నేనొస్తున్నా."

పైనుంచి వినిపించింది ఆ గొంతు. మూడు నెలలుగా వినని గొంతు. వాడి డ్యూటీ గొంతు. వాడు చెట్ల వేళ్ళు పట్టుకుని వట్టి కాళ్ళతో దిగుతున్నాడు. చెంప మీద గడ్డి అచ్చులు పడి ఉన్నాయి.

"చచ్చావనుకున్నాను కదరా! ఆ బూట్లేంటి?"

"బూట్లు, వాచీ, ఫోను తీసేసి నడవమని డాక్టరమ్మ కాగితంలోనే ఉందక్కా. నువ్వు చదవలేదా?" అని, కాస్త సిగ్గుపడుతూ, "గడ్డిలో పడుకుంటే నిద్ర పట్టేసింది. ఎన్నాళ్ళకో పట్టింది" అన్నాడు.

కొట్టాలో ముద్దు పెట్టుకోవాలో తెలియలేదు. రెండూ చెయ్యనివ్వలేదు వాడు. కాలు పట్టి చూశాడు. రెండు కట్టెలు ఏరి, సంచిలోంచి తువ్వాలు లాగి, చింపి బిగించి కట్టాడు. "తువ్వాలు తెచ్చి మంచి పని చేశావు" అన్నాడు. ఎముక విరిగి ఉండొచ్చన్నాడు. నన్నెత్తుకుని ఆ గట్టు ఎక్కడం వాడి వల్ల కాదు. వాడి తప్పేం లేదు, నేనేమైనా పూలదండనా? ఎండ చెట్ల కొనలకు ఎక్కిపోయింది.

"గార్డు దగ్గర స్ట్రెచరు చూశాను. నేను గబగబా వెళ్..." అని ఆగిపోయాడు.

"వెళ్ళొస్తా. అనరా."

తల అడ్డంగా ఊపాడు.

"ఎందుకనవు? వచ్చే ఉద్దేశం లేకేగా నువ్వా మాట మానేసింది? ఆ సంగతి తెలియకుండానే నీ గడియ పీకించాననుకున్నావా?"

వాడు నా పక్కన మట్టిలో కూలబడ్డాడు. అప్పుడు చెప్పాడు. ఒక పెద్దాయనకి గుండె నొప్పి వచ్చి ఫోను చేశారట. ఆయన భార్య మంచం దిగలేని మనిషి, వెంట రాలేదు. గడప దగ్గర వీడు, "భయపడకండమ్మా, వెళ్ళొస్తాం" అన్నాడట. ఆవిడ "వెళ్ళిరండి నాయనా" అందట. రైల్వే గేటు పడి పదకొండు నిమిషాలు ఆగిపోయారు. పెద్దాయన గేటు దగ్గరే పోయాడు.

"కబురు చెప్పడానికి నేనే వెళ్ళానక్కా. ఆవిడ ఏడవలేదు. 'వస్తామన్నారుగా?' అంది. అంతే. నేనా మాటంటే మనుషులు తిరిగి రారు. నిన్నిక్కడ వదిలి ఎలా అనను?"

రైలు గేటు వేసింది నువ్వా అని గసరబోయాను. నోటిదాకా వచ్చింది. మింగేశాను. మూడు నెలలుగా అరిచాను గానీ, అసలు మాట ఒక్కసారైనా చెప్పానా?

"నాకు భయంగా ఉందిరా" అన్నాను. "చీకటి పడుతుందని కాదు. నువ్వు రావేమోనని. రోజూ పొద్దున్న నీ అడుగులు వినపడేదాకా నాకు ఊపిరాడట్లేదు. ఆ మాట మీద నీకు నమ్మకం లేకపోతే పోనీ. నాకోసం అను."

వాడు నా కట్టు ఇంకోసారి బిగించాడు. లేచి నిలబడ్డాడు.

"వెళ్ళొస్తా అక్కా."

"వెళ్ళిరా" అన్నాను. అన్నాక గుండె ఝల్లుమంది. ఆవిడా ఇదే అంది కదా.

వాడు గట్టెక్కి మాయమయ్యాడు. చెట్ల పైన వెలుగు సన్నగిల్లి, ఆపైన పూర్తిగా పోయింది. ఏదో ఆకుల్లో పాకింది. బిగుసుకుపోయాను. గేటు అరగంట దూరం. వాడు దారి తప్పితే? దారిలో మనసు మారితే? ఒకవేళ వచ్చినా, చీకట్లో ఈ వాగు ఎలా కనిపెడతాడు? సంచిలో తడిమితే చెంబు తగిలింది. దాన్ని రాతికేసి కొట్టాను. అడవి మొత్తం ఖంగుమంది. మళ్ళీ కొట్టాను. ప్రశాంతత కోసం మూడు అడవులు తిరిగిన మనుషులం, చివరికి దొరికిన ఆ ఒక్క అడవినీ నేనే చెడగొడుతున్నాను. చెయ్యి నొప్పెడుతున్నా ఆపలేదు. ఆపితే నా ఏడుపు నాకే వినపడుతుంది.

ఎంతసేపు కొట్టానో తెలియదు. పైన ఎక్కడో చెట్ల మధ్య టార్చి వెలుగు ఊగింది. గార్డు గొంతు ఏదో అడిగింది. దాని మీదుగా ఇంకో గొంతు, పరుగుతో రొప్పుతూ, నా ప్రతి దెబ్బకీ ఒకసారి బదులు పలికింది.

"వస్తున్నా! వస్తున్నానక్కా! వస్తున్నా!"

నేను చెంబు కొడుతూనే ఉన్నాను.