కొట్టని బెల్లు

వాళ్లింటి వీధి తలుపు పక్కన ఒక ఇత్తడి గంట వేలాడుతుంటుంది. పాత బస్సుల్లో ఉండేదే, తాము పనిచేసిన బస్సు తుక్కుకి పోతుంటే అడిగి తెచ్చుకున్నది. దాని తాడుకి మధ్యలో ఒక ముడి. వచ్చినవాళ్లు ఊరుకోరు కదా, "కొత్త తాడు కట్టుకోకూడదూ, మరీ ఇంత పిసినారితనమా!" అంటారు. డ్రైవరు, అంటే ఉద్యోగం వదిలి ఎన్నేళ్లయినా అందరూ డ్రైవరనే పిలిచే ఆ ఇంటాయన, "ఆ ముడి విలువ మీకేం తెలుసులెండి" అని మీసం సర్దుకుంటాడు. లోపల్నుంచి ఆయన భార్య "మళ్లీ తీశారూ బండి షెడ్డులోంచి!" అంటుంది. అంటుందే గానీ, వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడి వింటుంది.

ఆ రోజుల్లో ఆయన డ్రైవరు, ఆమె కండక్టరు. ఒకటే బస్సు. ఆయన ముందు సీట్లో, ఆమె వెనక గుమ్మం దగ్గర, మధ్యలో ఆ తాడు. ఒక బెల్లు కొడితే ఆగాలి, రెండు కొడితే కదలాలి. ఇంత మాత్రం మాటలతో ప్రేమ పుడుతుందా అంటే, పుట్టింది మరి, ఏం చేస్తాం! ఆమె కొట్టే రెండు బెల్లుల్లో మొదటిది గట్టిగా మోగేది. రెండోది కాస్త ఆగి, మెల్లగా. "పదండి... సరేనా?" అన్నట్టుండేది. ఆ "సరేనా" కోసమే ఆ గతుకుల రూటు వదల్లేదంటాడాయన.

పెళ్లయింది, మరుసటేడే ఆమె నెల తప్పింది. కడుపు కాస్త కనబడగానే డిపోవాళ్లు ఆమెను బస్సు దింపి ఇంట్లో కూర్చోబెట్టారు. రోజంతా ఊగుతూ నిలబడే మనిషికి కదలని ఇంట్లో కళ్లు తిరిగాయంటే నమ్మండి. వాళ్లుండేది కుట్టుమిషన్ల కొట్టు పైన ఒకే ఒక్క గది, ముందు జానెడు బాల్కనీ. బస్సు ఆ కిందనుంచే పోయేది. అది వచ్చే వేళకి ఆమె పొట్ట మీద చెయ్యేసుకుని బాల్కనీలో హాజరు. ఆయన హారన్ కొట్టేవాడు. సాయంత్రం చెప్పులింకా విప్పకముందే ప్రశ్నలు మొదలు.

"గొడుగు తాతగారు ఎక్కారా? ఆ నర్సమ్మకి సీటు దొరికిందా? మూడో కిటికీ అద్దం ఇంకా బిగించలేదా?"

"ఊపిరి పీల్చుకోనివ్వవే తల్లీ!"

"మీరేం పీలుస్తారు, రోజంతా కూర్చునే కదా!"

ఆయన పొట్టకి చెవి ఆనించేవాడు. లోపల బిడ్డ ఒకసారి తంతే "ఆగమంటోంది", రెండుసార్లు తంతే "కదలమంటోంది". పుట్టకముందే డ్యూటీ ఎక్కిందని ఇద్దరూ పగలబడి నవ్వుకునేవాళ్లు. ఒక కుర్చీ, ఒక మంచం, కారే కుళాయి. ఆ గదిలో ఉన్నంత సుఖం తర్వాత కట్టుకున్న ఇంట్లో ఏదీ అని ఇప్పటికీ నిట్టూరుస్తాడు.

ఆయనకున్న బెంగల్లా ఒక్కటే. ఆయన తండ్రి లారీ డ్రైవరు. కొడుకు పుట్టిన మూడు నెలలకి గానీ ఇల్లు చేరలేదట. "మీ నాన్నని చూసి ఎవరో అనుకుని గుక్కపట్టావురా" అని తల్లి చెప్పినప్పుడల్లా అందరికీ నవ్వు, ఆయనకి మాత్రం గుండెలో కలుక్కుమనేది. నా బిడ్డ పుట్టే వేళకి గుమ్మం అవతలైనా ఉండి తీరతానని ఒట్టేసుకున్నాడు. కానీ బస్సు డ్రైవరు ఎక్కడున్నాడని కబురు పెడతారు? ఇంట్లో ఫోనా గీనా!

అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నారు. నొప్పులొస్తే బాల్కనీలో ఎర్ర దుప్పటి ఆరేయాలి.

ఈలోగా ఆమె స్థానంలో ఒకాయన దిగబడ్డాడు. డిపోలో అందరూ రూళ్లకర్ర అంటారు. మనిషీ అంతే, మాటా అంతే. సొంత తమ్ముడెక్కినా టికెట్టు కొట్టే రకం. ఆయన బెల్లు టంగు టంగుమని, అప్పులవాడు తలుపు బాదినట్టుండేది. డ్రైవరుకి ఒళ్లు మండిపోయేది. "ఆ గంటకి నోరుంటే ఏడ్చేది" అనేవాడు ఇంటికొచ్చి.

నెలలు నిండుతున్నాయని డ్రైవరు తల్లి సాయానికొచ్చింది. వచ్చిన మర్నాడే ఆ మహాతల్లి చేసిన మొదటి పని, మాసిందని ఎర్ర దుప్పటి ఉతికి బాల్కనీలో ఆరేయడం! కింద డ్రైవరు చూశాడు. ఇంకేముంది, నడిరోడ్డు మీద బస్సు ఆపి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, తలుపు తోసుకుని పడ్డాడు. కోడలు బఠానీలు వలుస్తోంది. అత్తగారు దుప్పటి దులుపుతోంది.

"ఏరా, తుండు మర్చిపోయావా?" అందావిడ.

కింద జనం ఒకటే అరుపులు. సాయంత్రానికల్లా డిపో మేనేజరు పిలిచి, "ఇంకోసారి బండి వదిలి దిగావంటే అటునుంచటే ఇంటికి పో" అన్నాడు. స్టాపు కానిచోట బండి ఆగిందని రాసిచ్చింది సాక్షాత్తూ రూళ్లకర్రే. "జరిగిందే రాశాను" అన్నాడు, కళ్లార్పకుండా. డ్రైవరు ఆయనతో మాట్లాడడం మానేశాడు.

"ఇక దుప్పటీ వద్దు, గిప్పటీ వద్దు. బిడ్డ పుట్టే వేళకి ఉద్యోగం ఊడగొట్టుకుంటారా?" అంది భార్య. "నా సంగతి నేను చూసుకుంటాలెండి."

"ఎలా చూసుకుంటావ్?"

"కండక్టర్ని. బండి ఎక్కడం తెలీదా నాకు!"

అన్నట్టే చేసింది గడుసుది. రాత్రంతా నొప్పులు పళ్ల బిగువున దాచుకుంది. పొద్దున్నే ఆయనకి టిఫిన్ డబ్బా ఇచ్చి నవ్వుతూ పంపింది. ఆయన గడప దాటాక అప్పుడు అత్తగారి చెయ్యి పట్టుకుని "అత్తయ్యా, ఇక నా వల్ల కాదు" అంది. ఇద్దరూ సంచీతో స్టాపుకొచ్చి, ఆయన బస్సు కోసం నిలబడి, వెనక గుమ్మంలోంచి ఎక్కారు.

జనంలో డ్రైవరుకి ఇవేవీ కనబడలేదు. చెయ్యి గేరు మీద వేసి, ఆ టంగుటంగు కోసం విసుగ్గా కూర్చున్నాడు. అప్పుడు మోగింది. ఒకటి గట్టిగా. కాస్త ఆగి, మెల్లగా ఇంకోటి.

ఆయన గబుక్కున తలెత్తాడు. అద్దంలోకి చూశాడు. వెనకాల తాడు పట్టుకుని, చెమటలు కక్కుతూ, నవ్వుతూ ఆమె.

ఆస్పత్రి అదే రోడ్డు మీద ఉంది. ఎక్కడా ఆపకుండా పోనిద్దామని కాలు బలంగా నొక్కాడు. వెంటనే ఒక బెల్లు. "స్టాపుంది, ఆపండి!" అని వెనకనుంచి ఆమె కేక. ప్రతి స్టాపులోనూ ఆపించింది, నొప్పికి మూలుగుతూనే "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అంది. రూళ్లకర్ర వచ్చి, అంత గోలలోనూ, డ్రైవరు తల్లికి టికెట్టు కొట్టాడు. ఆవిడ ఆయన్ని తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పేవి కావు.

ఆస్పత్రి దగ్గర బస్సు ఆగింది. అత్తగారూ, బస్సులోనే ఉన్న నర్సమ్మా చెరో రెక్క పట్టుకుని ఆమెను దింపారు. దిగుతూ ఆమె అద్దంలోకి చూసి వెళ్లిపొమ్మని చెయ్యూపింది. ఆమె గేటు దాటి లోపలికి పోయింది. ఆయన కదల్లేడు. దిగితే బిడ్డకి తిండి పెట్టే ఉద్యోగం పోతుంది. దిగకపోతే ఆయనా వాళ్ల నాన్నే. స్టీరింగు మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. వెనకనుంచి రెండు బెల్లులు మోగితే ఇక కదలాల్సిందే.

మోగలేదు.

తలెత్తి చూశాడు. రూళ్లకర్ర వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి ఎటో చూస్తున్నాడు.

"బెల్లు కొట్టండి!" అని అరిచాడు డ్రైవరు.

"కొట్టను" అన్నాడాయన. "కండక్టరు బెల్లు కొట్టందే బండి కదలకూడదు, అది రూలు. కదలని బండిలో నువ్వు కూర్చుని చేసేదేముంది? పో."

"రేపు మేనేజరుకి మీరే రాసిస్తారు."

"రాస్తాను. జరిగిందే రాస్తాను." జేబులోంచి చాకు తీసి, లేచి, ఆ బెల్లు తాడుని పుటుక్కున కోసేశాడు. "తాడు తెగింది, బెల్లు మోగలేదు, బండి కదల్లేదు. ఇందులో అబద్ధం ఎక్కడుంది? నా పెద్దాడు పుట్టినప్పుడు నేను టికెట్లు కొడుతున్నానయ్యా. ఇంకా నిలబడ్డావేం, పో!"

గొడుగు తాతగారు గొడుగుతో డ్రైవరు వీపు మీద ఒక్కటి పొడిచి మరీ దింపాడు. జనం గొణుక్కుంటూ వెనక బస్సెక్కి పోయారు.

ఆయన పరిగెత్తాడు. మూసిన తలుపు ముందు, తల్లి పక్కన, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. ఎండ నడినెత్తికొచ్చేవేళకి లోపల బిడ్డ కెవ్వుమంది. ఆ మొదటి ఏడుపు ఆయన చెవులారా విన్నాడు.

తర్వాత లోపలికి పోనిచ్చారు. ఎర్రటి ముద్ద లాంటి కూతురు, పక్కన వాడిపోయిన మొహంతో ఆమె. కిటికీ కిందే రోడ్డు. ఆయన వంగి కూతురి పిడికిలి తాకాడు. ఆమే అంది.

"రెండు బెల్లులు వినపడతాయని చెవులు రిక్కించుకుని పడుకున్నాను. అవి వినపడితే మీరు వెళ్లిపోయినట్టు కదా. ఎంతసేపు చూసినా మోగలేదు. ఇక భయం పోయింది."