దరువుకు ఆడిన లైట్లు

నేను ఒక కారు బ్యాటరీని. సీసం పలకలు, ఆసిడ్, నల్లటి ప్లాస్టిక్ పెట్టె, ఇంతే నా ఒళ్లు. ఫ్యాక్టరీలో మూత అతికించిన రోజే నా బతుకు ఖరారైపోయింది. సుల్తానాబాద్‌లో తిరుమలేష్ అనే కుర్రాడు నన్ను కొని, తన పాత డీజిల్ కారు బానెట్ కింద కూర్చోబెట్టి, ఇనుప పట్టీతో బిగించాడు. ఒక పక్క ఇంజన్ సెగ, ఇంకో పక్క రేకు. మసలడానికి జాగా లేదు.

నిజానికి నా ఉద్యోగం చిన్నదే. తాళం తిప్పగానే ఒక్క ఊపుతో ఇంజన్‌ను లేపాలి. ఆ తర్వాత ఆల్టర్నేటర్ అనే పెద్దమనిషి ఇంజన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టిస్తాడు. లైట్లకూ హారన్‌కూ తానే పెట్టి, మిగిలింది నాకు పోస్తాడు. కొన్నాళ్లు మా కాపురం బాగానే సాగింది.

అంతలో తిరుమలేష్‌కు పాటల పిచ్చి పట్టుకుంది. డిక్కీలో రెండు వేల వాట్ల ఆంప్లిఫైయర్, దాని పక్కన బీరువాలో సగముండే బాస్ పెట్టె వచ్చి కూర్చున్నాయి. బిగించేటప్పుడే ఎలక్ట్రీషియన్ కరీం చెప్పాడు.

"గా డబ్బా తాగేంత కరెంటు నీ ఆల్టర్నేటర్ ఇయ్యదు తమ్మీ. పెద్దది ఎయ్యి, ఎన్క ఇంకో బ్యాటరీ పెట్టు, లావు రాగి వైరు గుంజు. లేకుంటే బరువంత ముందటి బ్యాటరీ మీదనే పడ్తది."

"ముందుగాల పాట మోగనీ భాయ్. మిగతాది తర్వాత సూద్దాం" అన్నాడు మనవాడు.

ఆ 'తర్వాత' అన్నది రాలేదు. దరువు పడ్డప్పుడల్లా ఆంప్లిఫైయర్ నా పలకల్లోంచి కరెంటు పీక్కునేది. నా ఊపిరి ఆగినంత పనయ్యేది. ఆ క్షణంలో బండి ముందరి లైట్లు మసకబారి మళ్లీ వెలిగేవి. అది నా మూలుగు. తిరుమలేష్ మాత్రం దోస్తులను పిలిచి మరీ చూపించేవాడు.

"సూడుర్రి, లైట్లు సుత డ్యాన్స్ చేస్తున్నయి."

వాళ్లు ఈలలు వేసేవారు. చచ్చేవాడి గిలగిలను చిందు అనుకునే జాతిని ఏమనాలి?

ఇంతలో అతని చెల్లెలు ప్రసన్న పెళ్లి వచ్చింది. చెల్లెలు తన కారులోనే అత్తారింటికి వెళ్లాలని తిరుమలేష్ పట్టుబట్టాడు. బంతిపూలతో బండిని ముంచెత్తి, పందిరి ముందు నిలిపి, డీజిల్ దండగని ఇంజన్ ఆపేసి పాటలు పెట్టాడు. ఆల్టర్నేటర్ నిద్రపోయాడు. మొత్తం మోత నా ఒక్కదాని నెత్తిన పడింది. ప్రసన్న బయలుదేరే వేళకు ఒక్క ఊపుకు సరిపడా దాచుకోవాలని ఎంత తాపత్రయపడ్డానో. కానీ ఇవ్వనని అనడం నాకు చేతకాదు. వైరు కలిపినవాడికి ఇచ్చేయడమే. కుర్రాళ్లు ఎగిరే కొద్దీ నేను ఖాళీ అయ్యాను.

అప్పగింతలు అయ్యాయి. పెద్దలు తొందరపెట్టి కొత్త జంటను వెనక సీట్లో కూర్చోబెట్టారు. ప్రసన్న తండ్రి ఓదెలు మాత్రం అందరూ మాట్లాడాక చివర్న వెళ్దామని, కళ్లు తుడుచుకుంటూ పందిరి గుంజ దగ్గరే ఆగిపోయాడు.

తిరుమలేష్ తాళం తిప్పాడు. టిక్కుమన్నాను. మళ్లీ తిప్పాడు. మళ్లీ టిక్కుమన్నాను. నా దగ్గర ఇంకేమీ లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"వర్జ్యం అస్తాంది. దొబ్బుర్రి, జల్ది" అని ఎవరో కేకేశారు.

పదిమంది డిక్కీ మీద చేతులు వేశారు. ఓదెలు కూడా పరుగున వచ్చి భుజం ఆనించాడు. కూతురు వెళ్లకూడదని పొద్దుటినుంచీ ఏడ్చిన మనిషి, ఇప్పుడు ఆమె కూర్చున్న బండిని బలమంతా పెట్టి తోశాడు. బండి దొర్లింది. తిరుమలేష్ గేరు వేసి క్లచ్ వదిలాడు. ఇంజన్ ఒక్కసారి దగ్గి అందుకుంది. చప్పట్లు మోగాయి.

"అన్నా, ఆపే. బాపు నాతోని మాట్లాడనేలేదు" అంది ప్రసన్న, కిటికీలోంచి సగం బయటికి వంగి.

"ఆపితే మల్ల స్టార్ట్ గాదు చెల్లె." తిరుమలేష్ అద్దంలో వెనక్కి చూశాడు. అయినా ఆపలేదు.

వెనకనుంచి "బిడ్డా" అని ఒక పిలుపు వచ్చింది. తర్వాత ఇంజన్ చప్పుడే మిగిలింది.

మర్నాడే తిరుమలేష్ కరీం చెప్పినవన్నీ వేయించాడు. పెద్ద ఆల్టర్నేటర్, వెనక రెండో బ్యాటరీ, వేలంత లావు రాగి వైర్లు. నన్ను పట్టీ విప్పి పాత సామాన్ల కొట్టులో పడేశాడు. ఇక్కడ నా సీసాన్ని కరిగించి మళ్లీ బ్యాటరీనే చేస్తారట. అంటే నాకు విడుదల లేదు. దానికి బాధపడి లాభం లేదు, పోనీ.

నన్ను తినేస్తున్నది వేరే సంగతి. ఆ రోజు బండి ఆపి ఉండవచ్చు. ఇంజన్ లేచాక నాతో పనేముంది? క్లచ్ తొక్కి, గేరు తీసి నిలబెడితే ఇంజన్ దాని మానాన అది తిరుగుతూనే ఉండేది. ఓదెలు వచ్చి కూతురి తల నిమిరేవాడు. ఆ సంగతి బండి మొత్తంలో నాకొక్కదానికే తెలుసు. బానెట్ కింద పడి ఉన్న నేను ఎవరికి చెప్పను?

తిరుమలేష్‌కు ఇప్పటికీ తెలియదు.