ఉద్యోగం అనే గడి

హేమశ్రీ మా ఇంటికి మూడుసార్లు వచ్చింది. యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది ఆ పిల్ల. వీసా రూల్సు మారినప్పుడల్లా కుటుంబాలు ఏమైపోతాయన్నది ఆమె చదువు. అలాంటి చదువు ఒకటుంటుందని నాకు తెలీదు. నేను ఏడో క్లాసు మధ్యలో బడి మానేసినవాణ్ణి. పామర్‌స్టన్ నార్త్ అనే ఈ ఊళ్ళో మాంసం ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో అట్టపెట్టెలు పేరుస్తాను. నా భార్య శిరోమణి వృద్ధుల హోములో నర్సు. ఈ దేశం రమ్మన్నది ఆమెను. నేను ఆమె సూట్‌కేసులతో పాటు వచ్చాను.

మూడుసార్లూ మాట్లాడింది మా పెద్దపిల్ల డెబోరా గురించే. అది ఒంగోల్లో వాళ్ళ పిన్ని దగ్గర ఉంటుంది. మాకూ చిన్నోడికీ ఇక్కడే ఉండిపోయేందుకు రెసిడెన్సీ వచ్చింది, దానికి రాలేదు. అప్పటికి దానికి ఇరవై రెండు. సొంతంగా సంపాదించుకునే పిల్ల తల్లిదండ్రుల మీద ఆధారపడ్డట్టు కాదట. ఇప్పుడు ఇరవై ఐదు నిండాయి, ఇక ఆ వరసలో నిలబడే వయసే దాటిపోయింది. చూసిపోదువు రమ్మని విజిటర్ వీసాకి పెట్టిస్తే రెండుసార్లూ తిప్పికొట్టారు, వస్తే ఉండిపోతుందని. ఉండిపోక ఏం చేస్తుంది, తల్లి ఇక్కడుంటే? మేమే ఒకసారి వెళ్ళొచ్చాం. పన్నెండు రోజులు. పదకొండో రోజు నుంచి అది మాతో సరిగ్గా మాట్లాడలేదు.

నిజానికి అప్పుడది సంపాదించడం లేదు. ల్యాబులో ట్రైనింగు. వాళ్ళిచ్చేది దాని చెప్పులకీ చున్నీలకీ చాలేది, మిగతాదంతా మేమే పంపేవాళ్ళం. అయినా ఫారంలో ఉద్యోగమని పడింది. ఎవరు రాశారంకుల్ అని హేమశ్రీ అడిగింది. మొదటి వీసా చేయించిన ఏజెంటు అన్నాను. మూడేళ్ళ కింద శిరోమణికీ అదే చెప్పాను. ఆమె రోజూ ప్రార్థనలో ఆ ఏజెంటుని శపిస్తుంది, శపించినందుకు వెంటనే క్షమాపణ అడుగుతుంది.

రాసింది నేను. శిరోమణి డబుల్ డ్యూటీలు చేస్తుంటే పిల్లల పేజీలు నేను నింపాను. నా జన్మలో ఏ ఫారంలోనైనా చదువు దగ్గర, ఉద్యోగం దగ్గర సిగ్గుపడుతూ ఏదో ఒకటి గీకడమే. మొట్టమొదటిసారి ఒక గడిలో గొప్పగా రాసుకునే సంగతి దొరికింది. రేపోమాపో పర్మినెంటు చేస్తామని ల్యాబువాళ్ళు దానితో అన్నారు. ఆ రేపుని నేను ఆ రోజే రాసేశాను.

శుక్రవారం మధ్యాహ్నం యూనివర్సిటీలో సభ. వలస చట్టం ఎలా మారాలన్న దానిమీద పెద్దలు మాట్లాడతారు, ఆ మాటలన్నీ కలిపి వచ్చేవారం పార్లమెంటు కమిటీకి పంపుతారు, మీ సంగతి కూడా అందులో ఉంటుందంకుల్, తప్పకుండా రండి అంది హేమశ్రీ. శిరోమణి సెలవు పెట్టింది, చర్చికి కట్టుకునే చీర కట్టుకుంది. కమిటీవాళ్ళు చదివితే ఏమైనా జరగొచ్చని ఆమె ఆశ. నాకూ అదే ఆశ. బయటికి చెప్పుకోను, అంతే.

ఒక ప్రొఫెసరు జనం ఇలాగే వస్తే ఇళ్ళెక్కడ, ఆసుపత్రులెక్కడ అన్నాడు. అతను తప్పు మాట్లాడాడని చెప్పలేను, మా ఇంటి అద్దె నాకు తెలుసు. తర్వాత ఇక్కడి మూలవాసుల్లో ఒక మావోరీ పెద్దావిడ లేచి, ఎవరు రావాలో ఎవరు వద్దో ఈ నేలవాళ్ళని మాత్రం ఎవరూ అడగలేదంది. ఆవిడ మాట నచ్చింది. ఆవిణ్ణి అడిగుంటే మా అమ్మాయిని గుమ్మంలో నిలబెట్టేది కాదేమో అనిపించింది. ఇంకొకాయన తెరమీద చుక్కలు చూపించాడు. ఒక్కో చుక్క వెయ్యిమంది వలసవాళ్ళట. ఎన్ని చుక్కలో. రానివ్వనివాళ్ళకి చుక్క ఉండదు. మా పిల్ల అందులో ఎక్కడా లేదు.

ఆఖర్న హేమశ్రీ వాళ్ళ ప్రొఫెసరు వచ్చాడు. తెరమీద నా మాటలు ఇంగ్లీషులో పడ్డాయి. పైన నా పేరు లేదు, తొమ్మిదో వ్యక్తి అని ఉంది. ఒక తండ్రి, ఒక ఏజెంటు, ఒక తప్పుడు ఫారం. హాల్లో జనం అయ్యో అన్నట్టు తలలూపారు. శిరోమణి నా చెయ్యి పట్టుకుంది. ప్రొఫెసరు గొంతు పెంచి, అసలు జబ్బు ఇదే, బయటి దేశాల్లో ఏజెంట్లమీద గట్టి నిఘా పెట్టాలని కమిటీకి సిఫార్సు చేస్తున్నామన్నాడు.

రూలు మార్చమని కాదు. సంపాదించినా పిల్ల పిల్లేనని కాదు. చెయ్యని పాపానికి ఏజెంటుని పట్టుకోమని. నా కూతురి పేరుతో కమిటీకి పోయేది అదీ.

ప్రశ్నలుంటే అడగమన్నారు. లేచాను. మైకు ఇచ్చారు. శిరోమణి ఏదో మంచిమాట చెబుతాననుకుని నావైపు తలెత్తి చూసింది. నాకొచ్చిన ఇంగ్లీషు ముక్కల్లో చెప్పాను, ఆ తొమ్మిదోవాణ్ణి నేనే, ఏజెంటు తప్పేం లేదు, ఫారం నేనే రాశాను, పిల్లకి ఉద్యోగమని గొప్పకి రాశాను, ఏజెంటుని తీసేసి నా పిల్లని ఉంచండి అని. ఎవరూ తలలూపలేదు. ప్రొఫెసరు థాంక్యూ అని నీళ్ళు తాగాడు. నేను కూర్చునేసరికి పక్క కుర్చీ ఖాళీ.

బయట వరండాలో హేమశ్రీ పట్టుకుంది. మొహం పాలిపోయింది. ఇప్పుడు ఆ భాగమంతా తీసేస్తారంకుల్ అంది.

"తియ్యండమ్మా. ఆ జాగాలో ఒక్క ముక్క రాయండి. పిల్ల సంపాదించినా తల్లిదండ్రులకి పిల్లేనని."

"అది అభిప్రాయం అంకుల్. సాక్ష్యం కాదు."

ఆ పిల్ల మీద కోపం రాలేదు. ఆమె నేర్చుకున్నది అది.

కార్ పార్కులో ఎప్పటిలాగే గాలి కొట్టేస్తోంది. శిరోమణి కారుకి ఆనుకుని నిలబడి ఉంది, కొంగు తలచుట్టూ బిగించుకుని. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

"మూడేళ్ళు నాచేత ఊరికే ఒక మనిషిని తిట్టించావు."

కారు తాళం తీశాను. ఆమె ఎక్కలేదు.

"దానికి చెప్పు. నేను చెప్పను. ఇప్పుడే చెయ్యి."

అక్కడ పొద్దున ఎనిమిదిన్నర అవుతుంది, దాని ల్యాబు తెరిచే వేళ. డెబోరా వెంటనే ఎత్తింది, ఏం నాన్నా, ఈ టైములో చేశావ్, అమ్మ బాగుందా అని. బాగుందన్నాను. తర్వాత చెప్పేశాను. ఎక్కడా ఆగలేదు, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. అవతల ఎవరో చీపురుతో ఊడుస్తున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

"ఏమని రాశావు?" అంది.

"మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్. పర్మినెంట్."

"అప్పటికి నాకు సూది పట్టుకోవడం కూడా రాదు నాన్నా."

నవ్విందో, ఏడ్చిందో, గొంతునిబట్టి తేల్చుకోలేకపోయాను. ఒకప్పుడు దాని దగ్గు విని కూడా జ్వరమొస్తుందో లేదో చెప్పేవాణ్ణి.

"నామీద కోపమా తల్లీ?"

"ఉంది. పేషెంట్లు వచ్చారు. పరగడుపున వచ్చినవాళ్ళు, ఆలస్యమైతే గొడవ చేస్తారు. నువ్వు ఫోను పెట్టెయ్యకు. కోటు జేబులో వేసుకుంటా."

గుడ్డ రాసుకున్న చప్పుడు, ఆ తర్వాత కుర్చీ లాగిన చప్పుడు. ఎవరో ముసలాయన నొప్పి పుడుతుందేమోనని సణుగుతున్నాడు. దానికి మా అమ్మాయి గొంతు, నేనెప్పుడూ వినని గొంతు, నెమ్మదిగా, పెద్దమనిషి తరహాలో బదులిచ్చింది.

"ఏం కాదు తాతా. పిడికిలి బిగించు. అటు చూడు, నావైపు కాదు."

స్పీకరు పెట్టాను. శిరోమణి నావైపు చూడలేదు గానీ దగ్గరికొచ్చింది. గాలికి వినబడక ఇద్దరం ఫోను మీదికి వంగాం.

"అయిపోయింది తాతా. దూది గట్టిగా నొక్కి పట్టుకో. తర్వాత ఎవరండీ?"