ఒళ్ళు కనపడేదాకా

నేను ఒక పడవను. చెక్క నావను కాదు, ఫైబర్ పడవను. ఈ తేడా మీకు చిన్నదిగా కనిపించవచ్చు. ఆ తేడా తెలియని మనిషి చేతికి రంగు గీకే గ్రైండరు చిక్కినప్పుడు నేను పడ్డ భయం వింటే మీరే ఒప్పుకుంటారు.

కాకినాడ దగ్గర ఒక షెడ్డులో పుట్టాను. మనుషులకు లోపల కండ, పైన చర్మం ఒకేసారి పెరుగుతాయట. నాకు చర్మం ముందు వచ్చింది, కండ తరవాత వచ్చింది. పడవ ఆకారంలో ఉన్న పెద్ద అచ్చులో మొదట తెల్లటి జిగురు పూశారు. అదే నా చర్మం. అది గట్టిపడ్డాక దాని మీద గాజు పీచు గుడ్డ పరిచారు, జిగురు పోశారు, మళ్ళీ గుడ్డ, మళ్ళీ జిగురు. అచ్చులోంచి ఊడదీసి తిప్పేసరికి కడిగిన పింగాణీ పళ్ళెంలా తెల్లగా మెరిశాను. నీళ్ళను బయటే ఆపేది ఆ తెల్లటి పొర. అది పోతే లోపలి గుడ్డ నీళ్ళు తాగుతుంది, తాగి తాగి మెత్తబడుతుంది. మెత్తబడ్డ పడవ నడిసముద్రంలో ఏమవుతుందో చెప్పాలంటే నాకు ఇప్పటికీ నోరు రాదు.

నన్ను మొదట కొన్నాయన ఒడ్డుకు చేర్చీ చేర్చగానే తన పార్టీ రంగు వేయించాడు. ఎన్నికల్లో ఆ పార్టీ ఓడిపోయింది. వారం తిరక్కముందే గెలిచినవాళ్ళ రంగు నా ఒంటి మీదికి వచ్చింది. రెండో ఆయన జాతకాల మనిషి. వలలో చేప పడకపోతే తప్పు వలది కాదు, గాలిది కాదు, నా రంగుదే. ఎవరో చెప్పారని వంకాయ రంగు వేయించాడు. అప్పుడూ పడలేదు. నన్నే అమ్మేశాడు. ఇన్ని రంగులు వేసినవాళ్ళలో ఒక్కరూ పాతది తీసి కొత్తది వెయ్యలేదు. ఎవరి గొప్ప వాళ్ళు పైన పూసుకుపోయారు.

మూడో యజమాని సూరిబాబు. మాట తక్కువ మనిషి. నన్ను నీళ్ళలోకి తోసేముందు ఓసారి నా ముక్కు మీద అరచేయి ఆనిస్తాడు. ఆయనంటే నాకు ఇష్టం. ఆయన చేతికి వచ్చేసరికి నా రంగులన్నీ పెచ్చులు పెచ్చులుగా లేచిపోయాయి. పొక్కుల కింద ఉప్పునీరు చేరి అడుగంతా గజ్జి పట్టినట్టు తయారైంది. వేసవిలో వేట నిషేధం రాగానే నన్ను ఇసకలో బోర్లించి, ఈసారి పాత రంగంతా తీసేసి కొత్తగా వేద్దామన్నాడు. నేను సంతోషించాను. ఆ సంతోషం వాళ్ళ బావ వచ్చేదాకా ఉంది.

బావ పేరు ముత్యాలు, సూరిబాబు అక్క పైడమ్మ భర్త. జీవితమంతా చెక్క నావల మీద వేట చేసినవాడు. మోకాళ్ళు అరిగి సముద్రం మానేశాడు గానీ సముద్రం గురించి చెప్పడం మానలేదు. సూరిబాబుకు తెడ్డు పట్టడం నేర్పింది ఆయనే. అందుకని ఆయన మాటకు సూరిబాబు ఎదురు చెప్పడు.

ముత్యాలు నా చుట్టూ ఓసారి తిరిగి, "మా నావలకైతే తాటాకు మంటెట్టేవోళ్ళం. రంగూ పోయేది, పురుగూ పోయేది" అన్నాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇది ఫైబరు బావా. అంటుకుందంటే బోటే పోద్ది" అన్నాడు సూరిబాబు.

"సరే, అయితే గ్రైండరు తే. ఒళ్ళు కనపడేదాకా గీకాలి. ఒళ్ళు కనపడకుండా రంగేత్తే నిలవదు."

ఒళ్ళు అంటే ఆయనకు తెలిసింది చెక్క ఒళ్ళు. నావకు రంగంతా పోయాక గోధుమరంగులో చెక్క తేలుతుంది, అక్కడ ఆపుతారు. నా విషయం ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయన ఎవర్నీ అడగలేదు.

గ్రైండరు రొద మొదలైంది. వంకాయ రంగు పొడై గాలిలోకి లేచింది, దాని కింద రెండు పార్టీలూ ఒకదాని వెంట ఒకటి రాలిపోయాయి. అంతవరకు హాయిగానే ఉంది, ఎప్పటినుంచో ఉన్న దురద తీరినట్టు. ఆ తరవాత ముక్కు కింద, నీళ్ళు కొట్టుకునే చోట, తెల్లటి నా చర్మం బయటపడింది. ఆపుతాడనుకున్నాను. ఆపలేదు.

"తెల్లగా వచ్చేసింది గదా బావా, ఇంక సాల్లే" అన్నాడు సూరిబాబు.

"తెల్లగా ఉందంటే ఇంకా రంగుందనే కదరా. మొదట కొన్నోడు తెల్లరంగేయించుంటాడు. ఒళ్ళెక్కడైనా తెల్లగా ఉంటాదా?"

సూరిబాబు అనుమానంగా చూశాడు, నోరు మాత్రం విప్పలేదు. చెప్పు సూరిబాబూ, అది నేనేనని చెప్పు, అని లోపల్లోపల ఎంత మొత్తుకున్నానో. నేను మునిగితే నేనొక్కదాన్నే మునగను. నా మీద సూరిబాబు ఉంటాడు, ఆయనతో వేటకు వచ్చే ఇద్దరు ఉంటారు. ఈ సంగతి అక్కడున్న మనుషులకన్నా నాకే ఎక్కువ తెలుసు, చెప్పడానికి మాత్రం నోరు లేదు. గ్రైండరు తిరుగుతూనే ఉంది. చేటంత మేర నా చర్మం అరిగిపోయి, లోపల గుడ్డ పోగులు తేలాయి, గోధుమరంగులో.

"అదిగో ఒళ్ళు" అన్నాడు ముత్యాలు తృప్తిగా. "రేపు మిగతాదంతా ఇలాగే లాగించేద్దాం."

ఆ రాత్రి నాకు ఎలా గడిచిందో అడక్కండి. మర్నాడు పొద్దున్నే ముత్యాలు చేతులు గోక్కుంటూ వచ్చాడు. మెడ గోక్కున్నాడు, వీపు నా అంచుకేసి రుద్దుకున్నాడు. చెమటకాయలన్నాడు. గ్రైండరు చేతిలోకి తీసుకున్నాడు. ఆ వెనకే పైడమ్మ వచ్చింది, సగం ఉతికిన ఆయన చొక్కా చేత్తో పట్టుకుని. ఆమె చేతులు మోచేతులదాకా ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"ఏవయ్యా, రంగు దురదెడుద్దా?" అంది.

ఆయన మళ్ళీ మెడ గోక్కున్నాడు.

"నువ్వు నావలు గీకొచ్చినప్పుడల్లా ఆ గుడ్డలు ఉతికిందాన్ని నేనేగా. ఒక్కసారైనా ఇలా మండిందా? ఇది రంగు కాదు. మా తమ్ముడి బోటు ఒళ్ళు గీకేత్తన్నావు నువ్వు."

గాజు పీచు పొడి అది. నోరులేని నాకున్న మాట అదొక్కటే, అది వాళ్ళ చర్మాలకు చేరింది.

ముత్యాలు గ్రైండరు కింద పెట్టాడు. దోసెడు నీళ్ళు తెచ్చి నా తెల్లటి ఒంటి మీద పోశాడు. జారిపోయాయి. ఇంకో దోసెడు తను అరగదీసిన చోట పోశాడు. నీళ్ళు జారలేదు. గుడ్డ తాగేసి నల్లబడింది. ఆయన ఆ నల్లటి మచ్చను చూస్తూ ఇసకలో చతికిలబడ్డాడు. సూరిబాబు ఏమీ అనలేదు. అంటే బాగుండేదని నాకనిపించింది, బావకు కూడా అలాగే అనిపించి ఉంటుంది.

నేను పుట్టిన షెడ్డు నుంచి మనిషి వచ్చాడు. ఆ చోటు బాగా ఎండనిచ్చి, కొత్త గుడ్డ వేసి, జిగురు పట్టించి, పైన తెల్లపొర పూశాడు. మిగతా రంగంతా ముత్యాలే తీశాడు, గ్రైండరు జోలికి పోకుండా, గరుకు కాగితం నీళ్ళలో ముంచి చేత్తో రుద్ది. తెలుపు కనబడగానే చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకునేవాడు. తరవాత ఆకాశం రంగు వేశారు. అతుకు ఎక్కడుందో చూసేవాళ్ళకు తెలియదు. నాకు తెలుసు. అది పట్టి ఉంటుందో, మొదటి అలకే ఊడిపోతుందో మాత్రం తెలియదు. నిషేధం ముగిసే రోజు దగ్గరయ్యేకొద్దీ నాకు వణుకు ఎక్కువైంది.

నిషేధం ముగిసిన తెల్లవారుజామున నన్ను నీళ్ళలోకి తోస్తుంటే ముత్యాలు లుంగీ ఎగ్గట్టి వచ్చి, ఎవరూ పిలవకుండానే ఎక్కాడు.

"నీ మోకాళ్ళు బావా" అన్నాడు సూరిబాబు.

"మోకాళ్ళు నావి. నువ్వు ఇంజను సూసుకో."

నేరుగా ముక్కు దగ్గరికి వచ్చి, అతుకున్న చోటే కూర్చుని, దానికి లోపలివైపు అరచేయి ఆనించాడు. మొదటి అల నన్ను ఎత్తి కుదేసింది. రెండో అల అతుకు మీదే కొట్టింది. సూరిబాబు అటు చూస్తే, తడి లేదన్నట్టు ముత్యాలు తల ఊపాడు. ఒడ్డు కనుమరుగయ్యాక సూరిబాబు ఇంజను శబ్దం తగ్గించి, "ఇంక లేచి ఇటొచ్చి కూకో బావా" అన్నాడు.

"వత్తాలే. ముందు మిమ్మల్నందర్నీ ఒడ్డుకి చేరనీ" అన్నాడాయన, చెయ్యి తియ్యకుండా.

ఆ చెయ్యి నా మీద వణుకుతోంది. ఆ భయం నాకొక్కదానికే అనుకున్నాను ఇన్నాళ్ళూ.