వదిలేసిన వచనం

అంతయ్య ఉపదేశికి చూపు పోయిందని సుల్తానాబాద్ క్రైస్తవ సంఘంలో ముత్యానికొక్కడికే తెలుసు. శనివారం పొద్దుగూకేవేళ ముత్యం మగ్గం దిగి వచ్చి, మరునాటి బైబిలు వాక్యం చదివి వినిపిస్తాడు. అంతయ్య విని అప్పజెప్తాడు. ఆదివారం పుస్తకం తెరిచి, వరుసల మీద వేలు జరుపుతూ చదువుతున్నట్టే చెప్తాడు. ముత్యానికి అక్షరం రానప్పుడు అంతయ్య వాక్యం నేర్పిందీ ఇట్లాగే, నోటి నుంచి నోటికి.

అప్పుడే ఒక మాట తీసుకున్నాడు. "నా దగ్గర ఏదీ దాచొద్దు బిడ్డా."

తండ్రి లేని ముత్యం అతన్ని బాపు అనే పిలిచేవాడు. ఏదీ దాచలేదు. తల్లి కిష్టవ్వకు మశూచి పోసినప్పుడు భయపడి పోచమ్మ ముందు నేల మీద కల్లు సాక పోసి మొక్కిన సంగతి కూడా చెప్పుకొని ఏడ్చాడు. అంతయ్య తల నిమిరాడు. ఆ చేతి బరువు కోసం ఇంకో పాపం చేసి రావాలనిపించేది ముత్యానికి.

ఆ ఎండాకాలం కరీంనగర్ నుంచి సంఘాలన్నిటి మీది పెద్దయ్యగారు వచ్చి, ఉపదేశి చదువుకు ఒకరిని పంపుతామన్నారు. అందరూ ముత్యం వైపు చూశారు. అంతయ్య లేచాడు.

"పిల్లగాడు మంచోడే అయ్యగారూ. గని మొన్ననే పోచమ్మకు సాక పోసిండు. జర ఆగుదాం."

"పోసిండో, తానే తాగిండో!" అన్నది కొమురవ్వ. ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు.

ముత్యం తల వంచుకున్నాడు. తను పోతే శనివారాలు చదివి పెట్టేదెవరు? అది తెలియనంత అమాయకుడు కాడు. బాధ కన్నా ముందు సిగ్గుమాలిన సంతోషం కలిగింది: నేను లేకుండా ఈయన బతకలేడు. ఆ సంతోషం నాలుగు రోజులే ఉంది.

మూడు నెలలకు పెద్దయ్యగారు మళ్లీ వస్తున్నట్టు కబురొచ్చింది. ఆ వారం వాక్యం, గురువును ఎరుగనని శిష్యుడు మూడుసార్లు బొంకి, కోడి కూయగానే బయటికి పోయి ఏడ్చే ఘట్టం. ముత్యం కోడికూత దాకా చదివి పుస్తకం మూశాడు.

"అంతేనా?"

"అంతే బాపు."

అంతయ్య ముఖం అతని వైపు తిప్పాడు. "సరే. అప్పజెప్త, విను."

ఆదివారం వాక్యంలో కోడి కూసింది. అంతయ్య ఆగాడు. తన పుస్తకంలో వెంట చూస్తున్న పెద్దయ్యగారు తలెత్తారు.

"ఆఖరి వచనం విడిచిపెట్టినవు. చదువు."

అంతయ్య వేలు కదిలింది, నోరు కదల్లేదు. పెద్దయ్యగారు దగ్గరికొచ్చి చూశారు. వేలు అక్షరాలు లేని అంచు మీద ఉంది.

"ఎన్నేండ్ల సంది?"

"మూడేండ్లు."

మధ్యాహ్నానికే అంతయ్యను తీసేశారు, ఇల్లు ఖాళీ చేయమన్నారు. చదువుకు ముత్యం పేరు రాసుకున్నారు.

ఆదిలాబాద్‌లో ఉన్న బిడ్డ దగ్గరికి పోవడానికి అంతయ్య బండెక్కాడు. ముత్యమే పెట్టె మోసి లోపల పెట్టాడు. ముసలాయన తడుముకుంటూ అతని తల మీద చెయ్యి వేశాడు.

"గా వచనం నీకు నేర్పింది నేనే గదరా. మరుస్తననుకున్నవా?"

 "మరి అయ్యగారు అడిగినప్పుడు ఎందుకు చెప్పకపోతివి?"

"చెప్తే నువ్వు నన్ను మరిచిపోదువు."

బండి మలుపు తిరిగినా తల మీద బరువు దిగలేదు. ఏడుద్దామని చూశాడు ముత్యం. ఏడుపు రాలేదు.