మార్షల్ గారికి నీళ్ళు

రైలు మూడో పెట్టె కప్పు మీద నిలబడి అంతోని కాన్వాసు గొట్టాన్ని చంకలో బిగించి పట్టుకున్నాడు. తొట్టి నిండిందో లేదో కంటితో చూసి తెలుసుకునే పని కాదది, చెవితో తెలుసుకునే పని. అడుగున పడే నీళ్ళది ఒక చప్పుడు, అంచుకొచ్చిన నీళ్ళది ఇంకో చప్పుడు. ఇరవయ్యేళ్ళకు పైబడి బెజవాడ స్టేషన్లో ఆగిన ప్రతి బండీ ఎక్కి ఆ చప్పుడు వింటున్న మనిషి, ఇవాళ మాత్రం తొట్టి పొర్లి, కిటికీ పక్క పెద్దమనిషి చొక్కా తడిసి, ఆయన తిట్లు లంకించుకున్నాక గానీ గొట్టం ఎత్తలేదు.

"చూసుకోలేదండి," అన్నాడు పైనుంచే.

చూడకేం, చూస్తూనే ఉన్నాడు, ఏలూరు వైపు పట్టాల కేసి. కలకత్తా నుంచి రావలసిన పార్సిల్ బండి జాడ లేదు. పంతొమ్మిది వందల నలభై ఒకటి ఫిబ్రవరి అది. యుద్ధం పేరు చెప్పి మిలిటరీ బండ్లు ముందు దూసుకుపోతుంటే పార్సిల్ బండికి వేళాపాళా లేకుండా పోయింది. ఆ బండి చివర గుర్రాల పెట్టె ఉంటుంది. అందులో మార్షల్ ఉంటుంది.

అంతోనికి యాభై నాలుగేళ్ళు. గొట్టం మోసి మోసి కుడి భుజం ఎడమదాని కంటే రెండు వేళ్ళు కిందికి దిగింది. కాలివేళ్ళ సందులు ఎండాకాలంలో కూడా పాసిపోయి తెల్లగా ఉంటాయి. పామర్రు అవతల పొలాల్లో పాలేరుగా పుట్టి పాలేరుగా పోయిన తండ్రికి, కొడుకు రైల్వేలో చేరాడని ఎంత గర్వమో చెప్పలేం. కొడుకు రైల్లోకి నీళ్ళు ఎక్కిస్తాడని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. ఆ నీళ్ళతో జనం మొహం కడుక్కుంటారే గానీ తాగరని కొడుకు ఆయనకు చెప్పలేదు. తాగే నీళ్ళు వేరు. వాటికి నీళ్ళ రామలింగం ఉన్నాడు, భుజాన తుండు, చేతిలో తళతళలాడే ఇత్తడి బిందె. బండి ఆగితే చాలు, కిటికీల్లోంచి చెంబులు అతని కోసం బయటికి వస్తాయి. అంతోని చేతి నీళ్ళు ఒంటికి పనికొస్తాయి గానీ గొంతులోకి పనికిరావు. మొహం కడుక్కుంటుంటే నాలుగు చుక్కలు నోట్లోకి పోతాయి కదా, వాటి సంగతేమిటని అంతోనికి ఎన్నోసార్లు అడగాలనిపించింది. ఎవర్ని అడుగుతాడు?

అందుకని పశువుల పెట్టెలకు నీళ్ళు పెట్టే పని అతనిది. గొర్రెలకీ, మిలిటరీ కంచరగాడిదలకీ, పందెపు గుర్రాలకీ.

మార్షల్‌ని మొదటిసారి చూసింది ఏడేళ్ళ కిందట. బూడిదరంగు గుర్రం, మెడ మీద పాత మచ్చ ఒకటి. దాన్ని చూసుకునే జక్కయ్య మద్రాసు మనిషి, మాట కరుకు. బక్కెట్టు దించగానే, "తాగదులే, పెట్టి పో. దారిలో ఎక్కడా ముట్టదు," అన్నాడు. అంతోని పోలేదు. గుప్పెడు గరిక నీళ్ళ మీద తేల్చాడు. ఎండలో వచ్చిన ఎద్దు గడగడా తాగి కడుపునొప్పి తెచ్చుకోకుండా తండ్రి చేసే పని అది. గుర్రం మూతితో గరికను అటూ ఇటూ నెట్టింది, వాసన చూసింది, నెమ్మదిగా తాగడం మొదలుపెట్టింది. ఒక బక్కెట్టు కాదు, రెండు. అప్పటినుంచీ ఏటా నవంబరులో పోతూ ఒకసారి, ఫిబ్రవరిలో వస్తూ ఒకసారి. అంతోని అడుగుల చప్పుడు వినగానే అరతలుపు మీంచి తల బయటికి వచ్చేది.

జక్కయ్య దాని కథలు చెప్పేవాడు. మద్రాసు గిండీ మైదానంలో పరిగెత్తమంటే అది మామూలు గుర్రమే, ఎవరూ పేరు కూడా తలవరు. కలకత్తా టాలీగంజ్‌లో కంచెలు దూకే పందెంలో దింపితే మాత్రం అది వేరే గుర్రం. అక్కడి తడి పచ్చిక మీద కాలు పెట్టగానే చెవులు నిక్కించి, పగ్గం పట్టుకున్నవాణ్ణి లాక్కుపోతుందట. మూడేళ్ళు వరసగా కప్పు దానిదే. దొరలు దాని మెడలో పూలదండ వేసి ఫొటో దిగారు.

అంతోని గుర్రప్పందెం చూసి ఎరగడు. జక్కయ్య చెప్పినప్పుడల్లా అతని కళ్ళకి పామర్రు పొలాలే కట్టేవి. కోతలైన చేలు, గట్లు, పంటకాలవ, కాలవ అవతల బ్రహ్మజెముడు కంచె. వాటి మీంచి బూడిదరంగు గుర్రం ఎగిరి వస్తుంటుంది, దాని కడుపులో తను పోసిన నీళ్ళు ఉంటాయి. ఆ మాట ఒకసారి భార్య శౌరమ్మతో అంటే నవ్వి, "నీ నీళ్ళు తాగేవాళ్ళకి పూలదండలు కూడా వేస్తారన్నమాట," అంది. హేళనే. కానీ గుర్రం వచ్చే రోజు ఏలూరు కాలవ గట్టున లేత గరిక కోసుకొచ్చేది ఆమే. స్టేషన్లో కూలీలు కూడా ఆట పట్టించేవారు, "మీ మార్షల్ గారు వేంచేస్తున్నారు, బాజాలు పెట్టించావా?" అని. అంతోనికి కోపం రాలేదు ఎప్పుడూ. లోపల్లోపల బాగానే ఉండేది.

పోయిన నవంబరులో చలిజ్వరం వచ్చి పన్నెండు రోజులు మంచాన పడ్డాడు. సరిగ్గా అప్పుడే మార్షల్ కలకత్తా వెళ్ళింది. పేరున్న గుర్రం కదా అని స్టేషన్ మాస్టరు గారు రామలింగాన్ని ఇత్తడి బిందెతో పంపించారట. రామలింగం ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుంటూనే ఉన్నాడు. గుర్రం ఎంత తాగిందో మాత్రం చెప్పడు. అంతోని అడగడు.

మెయిల్ వెళ్ళిపోయాక పార్సిలాఫీసు గుమస్తా వెంకటకృష్ణారావు కిటికీలోంచి పిలిచాడు.

"అంతోనీ, ఇలా రా. ఏలూరు నుంచి వైరొచ్చింది."

"ఎన్నింటికొస్తుందండి?"

"మూడవుతుంది. అది కాదు." కాగితం మళ్ళీ చూసుకున్నాడు. "గుర్రాల పెట్టెకి నీళ్ళు అక్కర్లేదని ఇచ్చారు."

"ఎందుకక్కర్లేదండి?"

"అంతే ఉంది. నువ్వెళ్ళి అన్నం తిను."

అంతోని అన్నం తినలేదు. పంపు దగ్గర కాసేపు, సిగ్నల్ స్తంభం దగ్గర కాసేపు, మళ్ళీ పంపు దగ్గర. నీళ్ళు అక్కర్లేదంటే అతనికి తెలిసిన అర్థం ఒకటే. నీ నీళ్ళు అక్కర్లేదని. పుట్టిన దగ్గర్నుంచీ ఆ మాట వింటూనే ఉన్నాడు, ఎన్ని రకాలుగా చెప్పినా ఇట్టే తెలిసిపోతుంది. నవంబరులో ఇత్తడి బిందె నచ్చి ఉంటుంది. గుర్రానికి కాకపోయినా గుర్రం ఆసామికి. అంత డబ్బు పెట్టి కొన్న గుర్రం ఎవడి చేతి నీళ్ళో తాగుతోందని ఎవరో చెవిలో ఊది ఉంటారు. రామలింగం అటునుంచి పోతూ బిందెను చింతపండు పెట్టి తోముకుంటుంటే అంతోనికి అనుమానం కాస్తా రూఢి అయిపోయింది. ఎప్పుడూ తోమే బిందే, కానీ ఇవాళ ఇంకా ఎక్కువ తోముతున్నట్టు కనపడింది.

రెండింటికి శౌరమ్మ గరిక మోపు తెచ్చింది. మొగుడి మొహం చూసి, "ఏమైంది?" అంది.

"నీళ్ళు వద్దన్నారంట."

"గుర్రం వద్దందా?"

ఆ మాటతో అంతోని లేచాడు. ఇన్నేళ్ళ నౌకరీలో గుమస్తా కిటికీ దగ్గరికి పిలవకుండా వెళ్ళడం అదే మొదటిసారి.

"ఏడేళ్ళండి బాబూ. మనుషులు తాగకపోతే పోయారు, నేనెప్పుడన్నా అడిగానా? అది తాగుద్దండి. నా చేత్తో పెడితే తాగుద్ది. దానిక్కూడా వద్దని రాసేస్తే ఎట్లాగండి?" అడిగినందుకు తన మీద తనకే చిరాకేసింది.

వెంకటకృష్ణారావు కలం కింద పెట్టాడు. అతనికి విషయం తెలిసే ఉండాలి, పొద్దున మద్రాసు పేపరు చూశాడు.

"నేను కాదన్నానా? పట్టుకెళ్ళాలనుంటే పట్టుకెళ్ళు," అని లెడ్జరు వైపు తిరిగాడు.

మూడూ పదికి బండి వచ్చింది. అంతోని అప్పటికే రెండు బక్కెట్లూ నింపి, గరిక తేల్చి, ప్లాట్‌ఫారం కొసన నిలబడ్డాడు. ఎవడొచ్చి అడ్డం నిలబడతాడో చూద్దామన్నంత మొండితనం ఉంది మనిషిలో. ఎవరూ రాలేదు. రామలింగం అటు కన్నెత్తి చూడలేదు. గుర్రాల పెట్టె అతని ముందు ఆగింది. అరతలుపు మీంచి తల బయటికి రాలేదు.

లోపల జక్కయ్య గడ్డి మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. నాలుగు రోజుల గడ్డం. పక్కన కట్టుగొయ్య ఖాళీగా ఉంది.

"జక్కయ్య గారూ," అన్నాడు అంతోని. "ముందే ఎవరన్నా నీళ్ళు పెట్టేశారా?"

"ఎవరికి పెడతారు?"

అంతోని బక్కెట్లు పట్టుకునే నిలబడ్డాడు. జక్కయ్య లేచి వచ్చి తలుపు అంచున కూర్చున్నాడు. అడగకుండానే చెప్పాడు, ఎవరికో అప్పజెప్పాల్సిన లెక్క చెప్పినట్టు.

"పందెంలో పెద్ద నీళ్ళగుంట దాటేసింది. దాని తర్వాతది చిన్న కంచె, నువ్వూ నేనూ కూడా దాటొచ్చు. ముందుకాలు విరిగింది. చుట్టూ తెరలు కట్టారు. జనానికి కనపడకూడదంట. తుపాకీ తెచ్చి, నన్ను తల పట్టుకోమన్నారు. పట్టుకున్నాను."

"ఆ మైదానమంటే దానికి ఇష్టం కదండీ," అన్నాడు అంతోని.

"ఇష్టమే. ఆ పొద్దున కూడా నన్ను లాక్కునే పోయింది." జక్కయ్య తల తిప్పుకున్నాడు. "పోయేటప్పుడు ఇక్కడ నీ కోసం చూసిందన్నా. ఆ బిందె ఆయన ఎంత పిలిచినా మూతి పెట్టలేదు. బండి కదిలేదాకా తలుపు మీంచి మెడ చాపుకుని ఇటే నిలబడింది."

ఏడుపు వచ్చింది అంతోనికి. దాని వెనకే, ఛీ, సంతోషం కూడా వచ్చింది. బిందెలో నీళ్ళు ముట్టలేదంట. చచ్చిపోయిన దాని ముందు ఇదేం బుద్ధిరా అని తన్ను తాను తిట్టుకున్నాడు. అయినా ఆ సంతోషం పోలేదు, ఏడుపూ పోలేదు.

జక్కయ్య వెనక్కి వంగి ఒక గుడ్డ మూట తీశాడు. పిడికిలితో బక్కెట్లో గరిక పక్కకి నెట్టి, నీళ్ళు తీసి మూట మీద చిలకరించాడు. రెండుసార్లు, మూడుసార్లు. ఆ తర్వాత అదే చేత్తో నీళ్ళు ముంచుకుని తాగాడు. దోసిలి పట్టి మళ్ళీ తాగాడు. కలకత్తా వదిలాక మనిషి గొంతు తడుపుకోలేదేమో, నీళ్ళు గడ్డం మీంచి చొక్కాలోకి కారిపోతున్నాయి. ఏడేళ్ళుగా ఇక్కడ దిగి రామలింగం దగ్గరికి చెంబు పట్టుకెళ్ళిన మనిషే. అంతోని చూడనట్టు పట్టాల వైపు తిరిగాడు. తన నీళ్ళు ఒక మనిషి తాగడం ఈ రోజు కాకుండా ఇంకో రోజు జరిగుంటే బాగుండేదనిపించింది.

గార్డు ఈల వేశాడు. పెట్టె కుదిపింది. జక్కయ్య ఆ మూట తలుపు మీంచి దించి ప్లాట్‌ఫారం మీద పెట్టాడు.

"పందెం రోజు పొద్దున నానబెట్టాను, సాయంత్రం దాణాకని," అన్నాడు. "పారెయ్యబుద్ధి కాలేదు. ప్రతి స్టేషన్లో తడుపుతున్నాను, ఎందుకో తెలీదు. మద్రాసు దాకా నా వల్ల కాదు."

బండి కృష్ణ వంతెన మీదికి వెళ్ళిపోయింది. చాలాసేపు దాని చప్పుడు వినపడింది, తర్వాత వినపడలేదు. శౌరమ్మ వచ్చి మొగుడి పక్కన నిలబడింది. ప్లాట్‌ఫారం అంచున మూట తడిగా ఉంది. నాలుగు రోజుల నాటి ఉలవలు గుడ్డ నేతలోంచి పొడుచుకుని, తెల్లటి మొలకలు వేలెడేసి పొడుగున బయటికి వచ్చి ఉన్నాయి.